పేరు మీది, పట్టా ఎవరిదో

కల్హేర్‌లో రెండు గుంటల పొలం చేతులు మారాలంటే పాస్‌బుక్కు చూపించాలి, స్లాట్ బుక్ చేయాలి, తహసీల్దారు ముందు వేలిముద్ర వేయాలి. అదే కల్హేర్ పేరును చేజిక్కించుకోవాలంటే ఇవేవీ అక్కర్లేదు. చివర డాట్ కామ్ తగిలించి చూడండి. ఖాళీగా ఉంటే వెయ్యి రూపాయల చిల్లరతో ఏ దేశంలోని పెద్దమనిషైనా రాయించుకోవచ్చు. ఈ ఊరు 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండేదనీ, ఇప్పుడు సంగారెడ్డిలో ఉందనీ ఆయనకు తెలియాల్సిన పని లేదు. ముందొచ్చినవాడిదే పేరు. దీన్ని కబ్జా అంటే ఆయన నొచ్చుకుంటాడు. డొమైన్ ఇన్వెస్టర్ అనాలి.

ఇన్వెస్టర్లకు నియమాలు లేకపోలేదు. డొమైన్ పేర్ల పెత్తనం చూసే లాస్ ఏంజిలెస్‌లోని ఐకాన్ సంస్థ 1999లోనే యూడీఆర్‌పీ పేరుతో ఒక విధానం తెచ్చింది. పేరు మీ ట్రేడ్‌మార్కును పోలి ఉండాలి, అవతలివాడికి దానిమీద న్యాయమైన హక్కు ఉండకూడదు, వాడు దురుద్దేశంతో రాయించుకుని దురుద్దేశంతోనే వాడుతుండాలి. మూడూ రుజువైతేనే పేరు మీకొస్తుంది. ట్రేడ్‌మార్కు యజమానికే ఎక్కువ ధరకు అంటగట్టాలని కొనడం దురుద్దేశానికి ఒక గుర్తు.

తొలి తీర్పు 2000 జనవరిలో వచ్చింది. కాలిఫోర్నియాలో ఒకాయన వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ డాట్ కామ్ రాయించుకుని, మూడో రోజే వెయ్యి డాలర్లిస్తే ఇచ్చేస్తానని ఆ కుస్తీ కంపెనీకే కబురు పెట్టాడు. పేరు పోయింది. పాపం, మూడు రోజులు కూడా నోరు కట్టుకోలేకపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు తెలివి మీరారు. ‘ఈ పేరు అమ్మకానికి ఉండవచ్చు’ అని బోర్డు పెట్టి గమ్మున కూర్చుంటారు. ఎంత అని మీరే అడగాలి. అడిగాక చెబితే అది బేరం, అడక్కముందు చెబితేనే దురుద్దేశం!

ఇక సాకులు చెప్పడంలో మనవాళ్లను కొట్టేవాళ్లు లేరు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ బిడ్డ సత్యం ఇన్ఫోవే. 1999లో సిఫీ పేరుతో డొమైన్లు తీసుకుంది. 2001లో మరో కంపెనీ ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక ‘ఎఫ్’ అదనంగా పెట్టి సిఫ్ఫీనెట్ అంది. ఎందుకయ్యా అంటే, మా ఐదుగురు ప్రమోటర్ల పేర్ల మొదటి అక్షరాలు కలిపితే అదే వచ్చిందన్నారు. ఐదిళ్లలో బారసాల చేసినవాళ్ల ముందుచూపే ముందుచూపు! 2004 మేలో సుప్రీంకోర్టు ఈ కథ నమ్మలేదు. డొమైన్ పేరు వట్టి చిరునామా కాదు, ట్రేడ్‌మార్కులాగే దానికీ రక్షణ ఉందని తేల్చింది. అన్నట్టు, ఈ సత్యం ఇన్ఫోవేనే 1999 నవంబరులో ఇండియావరల్డ్ అనే కంపెనీని 499 కోట్లకు కొంటానంది. అందులో ఉన్న సైట్ల పేర్లు ఖోజ్, సమాచార్, ఖేల్, బావర్చీ. పేర్లతో పాటు పాఠకులు కూడా వచ్చారు లెండి.

కంపెనీల సంగతి సరే, ఊళ్ల సంగతేమిటి? ఒలింపిక్స్ నడిపిన బార్సిలోనాకు జరిగింది చూడండి. ఆ పేరు గల డాట్ కామ్ నగరపాలక సంస్థకే చెందాలని 2000లో ఇలాంటి తగవులు విచారించే వైపో అనే సంస్థ ప్యానెల్ చెప్పింది. 2003లో అమెరికా అప్పీలు కోర్టు తిరగేసింది. ఊరి పేరు ఊరికి ట్రేడ్‌మార్కు కాదట. బార్సిలోనాకే దిక్కు లేకపోతే కల్హేర్ పంచాయతీ ఏం పెట్టి గెలుస్తుంది? వైపోలో ఫిర్యాదు ఫీజే 1500 డాలర్లు. డాట్ ఇన్ పేర్లకు 2005 నుంచి మన సొంత విధానం ఉంది. అక్కడ రాయించుకోవడంలోనో, వాడటంలోనో ఏదో ఒకచోట దురుద్దేశం కనిపిస్తే చాలు, కొంత నయం. కానీ ఆ పేరు మీద మీకు హక్కుందని అక్కడా చూపించాల్సిందే.

ఇంతా చేసి గెలిచినా, పేరు మీకు శాశ్వతంగా దక్కదు. ఒకేసారి పదేళ్లకు మించి ఇవ్వరు. గడువు మరిచిపోయారా, తిరిగి విడిపించుకోవడానికి ఏడాది కిరాయికి ఎన్నో రెట్లు అడుగుతారు. కొందరు రిజిస్ట్రార్లు మీ పాత పేరును తామే వేలం వేస్తారు. దాన్ని దురుద్దేశం అనకూడదు. అది షరతుల్లోనే ఉంది, చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కింది మీరే.