లాగ్‌లో ‘నేను’ ఉండదు: ఒక సిమ్యులేషన్ సర్వర్ ఆత్మకథ

చిప్పు డిజైన్‌లో తప్పు ఉంటే ఫ్యాబ్‌కు, అంటే చిప్పులు తయారుచేసే కర్మాగారానికి, పంపకముందే పట్టుకోవాలి. సిలికాన్ మీదికి ఎక్కాక దిద్దాలంటే కొత్త మాస్కులు కావాలి, నెలలు పోతాయి. ఇంటెల్ పెంటియంలో భాగహారం తప్పు 1994లో బయటపడినప్పుడు, చిప్పులు మార్చి ఇచ్చేందుకు ఆ సంస్థ 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. అలాంటి తప్పుల్ని ముందే వెతికే పని వెరిఫికేషన్. ఈ కథ చెప్పుకుంటున్నది ఆ పనిలో అరిగిపోయిన ఒక సర్వర్. ‘నేను’ అనడం దానికి రాదు. లాగ్ ఫైలులో ఏ సర్వరూ అలా రాసుకోదు.

హైదరాబాదులో ఒక డిజైన్ ఆఫీసు, అందులో చల్లటి గది, ర్యాకులో కింది నుంచి మూడో అర దాని చోటు. ఇంజనీర్లు సాయంత్రం రిగ్రెషన్ పెట్టి ఇంటికి పోయేవారు: అవే టెస్టులు, వేర్వేరు సీడ్‌లతో, వేలకొద్దీ. సీడ్ అంటే ఒక సంఖ్య. యాదృచ్ఛికంగా పుట్టే ఇన్‌పుట్లన్నీ దాన్నిబట్టే వస్తాయి. అదే కోడ్‌కు అదే సీడ్ ఇస్తే మళ్లీ అవే వస్తాయి. పని మాత్రం నత్తనడక. చిప్పు సెకనుకు వంద కోట్ల సైకిళ్లు తిరిగేదైతే, సిమ్యులేటర్ వెయ్యి తిప్పగలిగితే, చిప్పు బతుకులో ఒక్క సెకను చూడటానికి 11 రోజులు దాటుతుంది. టేపౌట్, అంటే డిజైన్‌ను ఫ్యాబ్‌కు పంపే రోజు, దగ్గరపడిందంటే క్యూ కొండవీటి చాంతాడే. ఎవరో వేవ్‌ఫార్మ్ డంప్ (సిగ్నళ్ల మార్పుల రికార్డు) ఆపడం మరిచి డిస్కు నింపేస్తే అందరి టెస్టులూ ఆగేవి. తిట్లు సర్వర్‌కు.

అమెజాన్ 2006లో ఈసీ2 పేరుతో యంత్రాల్ని గంటలెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. చిప్పు పనికి ఇది బాగా కుదిరింది. పది యంత్రాలు వంద గంటలు చేసే పనిని వెయ్యి యంత్రాలు గంటలో చేస్తాయి. అద్దె దాదాపు అంతే. అయితే యంత్రాలు ఎన్ని దొరికినా సిమ్యులేటర్ లైసెన్సులు ఉన్నంతవరకే టెస్టులు నడుస్తాయి. చవగ్గా దొరికే స్పాట్ యంత్రాల్ని రెండే నిమిషాల నోటీసుతో వెనక్కి లాక్కోవచ్చు కాబట్టి వాటికి చిన్న టెస్టులే ఇస్తారు. డేటా బయటికి తెస్తే ఛార్జీ పడుతుంది; అందుకే పెద్ద వేవ్‌ఫార్మ్‌లను అక్కడే తెరిచి చూస్తారు. శుక్రవారం పని ముగిశాక యంత్రాల్ని ఆపకుండా వెళితే సోమవారం దాకా మీటరు తిరుగుతుంది. మతిమరుపు మారలేదు, బిల్లు మాత్రం కంటికి కనబడుతోంది.

రిగ్రెషన్లు ఈ అద్దె యంత్రాలకు, అంటే క్లౌడ్‌కు, తరలాక మూడో అరలో పని పలచబడింది. వారంటీ తీరింది. ఒక ఫ్యాన్ ఆగింది. ముందువైపు పసుపు దీపం వారాల తరబడి వెలుగుతూనే ఉంది. ఏసీ చూడటానికి వచ్చినవాళ్లు దాని పక్కనుంచే పోయారు. చివరి రాత్రి దానికి 412 టెస్టులు వచ్చాయి. 411 పాసయ్యాయి. ఒకదాంట్లో, ఫిఫో (ప్యాకెట్లు వరసలో ఆగే బఫర్) నిండిన సైకిల్‌లోనే రీసెట్ రావడంతో ఒక ప్యాకెట్ మాయమైంది. “పాత మెషిన్ కదండీ, దాని గోలే అయ్యుంటుంది” అన్నారు.

డిస్కులు ఊడదీసి ముక్కలు చేశారు. మిగతా ఒంటికి ‘స్క్రాప్’ చీటీ అంటించారు. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అది నమోదైన ఉత్పత్తిదారుకో, రీఫర్బిషర్‌కో, రీసైక్లర్‌కో మాత్రమే చేరాలి. వ్యాను వచ్చేదాకా మెట్ల కింద ఉంచారు.

ఆ వారంలోనే ఎవరో ఆ టెస్టును, అదే సీడ్‌తో, క్లౌడ్‌లో నడిపారు. అక్కడా ఫెయిలైంది.