ఎగుమతి రకం తాళం

మన దగ్గర ఎగుమతి రకం అంటే ఎంచి తీసిన సరుకు. మంచి రొయ్య ఓడెక్కుతుంది, మిగిలింది మన సంతకొస్తుంది. 1990లలో అమెరికా ఈ ఆచారాన్ని తిరగేసింది. వెబ్ సర్వర్లలో, బ్రౌజర్లలో 128 బిట్ల ఎన్‌క్రిప్షన్ ఇంట్లో వాడకానికి, 40 బిట్లది పైదేశాలకు. గట్టి ఎన్‌క్రిప్షన్ అప్పట్లో వాళ్ల ఆయుధాల జాబితాలో ఉండేది లెండి, యుద్ధట్యాంకుల సరసన.

40 బిట్లని తీసిపారేయకండి, లక్ష కోట్ల పైచిలుకు తాళంచెవులు! 1995లో ఫ్రాన్సులో డేమియన్ డొలిజే అనే పరిశోధకుడు ఖాళీగా ఉన్న కంప్యూటర్లను పోగేసి ఒక్కొక్కటే తిప్పి చూస్తూ పోయాడు. ఎనిమిది రోజుల్లో తలుపు తెరుచుకుంది. 1997లో బర్క్‌లీ విద్యార్థి ఇయాన్ గోల్డ్‌బర్గ్‌కు మరో 40 బిట్ల తాళం తీయడానికి మూడున్నర గంటలు చాలింది.

చట్టం సూక్ష్మబుద్ధిని మెచ్చుకోవాలి. బ్రూస్ ష్నయర్ రాసిన 'అప్లైడ్ క్రిప్టోగ్రఫీ' పుస్తకం దేశం దాటొచ్చంది విదేశాంగ శాఖ. అందులో అచ్చయిన ప్రోగ్రాములనే ఫ్లాపీలో వేసి పంపుతానంటే మాత్రం అది ఆయుధమంది. శత్రుదేశాల్లో టైపు కొట్టడం వచ్చినవాళ్లు లేరని గూఢచారులు రూఢి చేసి ఉంటారు.

ఇంతలో ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ తీరిగ్గా కూర్చుని ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై అనే లైబ్రరీ సొంతంగా రాసేశారు. వెబ్‌లో ఎన్‌క్రిప్షన్ నడిపే ఎస్‌ఎస్‌ఎల్ పద్ధతి ఎలా పనిచేయాలో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ బయటపెట్టనే పెట్టింది, దొంగరవాణాతో పనేముంది? బ్రిటన్‌లో బెన్ లారీ దాన్ని అపాచీ సర్వర్‌కు కలిపాడు. అమెరికా గడప తొక్కకుండానే గట్టి వెబ్ సర్వర్ తయారు. దాన్ని అమెరికన్లు దిగుమతి చేసుకోవచ్చు, తప్పులేదు. తిరిగి బయటికి పంపాలంటేనే లైసెన్సు కావాలి. ఆస్ట్రేలియాలో లెక్కల పాఠం, అమెరికాలో దిగగానే ఫిరంగి.

2000లో ఆంక్షలు సడలాయి. చట్టం సడలింది గానీ సర్వర్లలోంచి ఎగుమతి రకాన్ని పీకేయడం చాలామంది మరిచారు. 2015లో 'ఫ్రీక్' అనే దాడి బయటపడింది. మధ్యలో దూరినవాడు నాసిరకం ఇమ్మని అడిగితే ఆ సర్వర్లు కాదనకుండా 512 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళం (ఆ పద్ధతిలో 512 బిట్లన్నా నాసిరకమే) ఇచ్చేవి. అద్దె కంప్యూటర్ల మీద దాన్ని విరగ్గొట్టడానికి వంద డాలర్లు, ఓ ఏడెనిమిది గంటలు. అలా అడగగానే ఇచ్చేవాటిలో వైట్‌హౌస్ వెబ్‌సైటు ఉండేది. గట్టి తాళాలు పైవాళ్లకు దక్కకూడదని పట్టుబట్టిన నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీదీ ఉండేది.