డీజే నైటు పిల్లోడికి, తాళంచెవి నాయనకు

ఇంటర్ ఫలితాలు వచ్చాయో లేదో, కదిరి ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల గోడలన్నీ యూనివర్సిటీలైపోయాయి. బెంగళూరువి, చెన్నైవి, అమరావతివి. నరసింహస్వామి తేరుకు కట్టిన ఫ్లెక్సీలనైనా నాలుగు రోజులకు విప్పుతారు గానీ వీటి జోలికి ఆగస్టు దాకా ఎవరూ పోరు.

ఇక కల్యాణమండపంలో పెట్టే ఆ అడ్మిషన్ మేళాలు! మొన్న పక్కింటాయన తోడు రమ్మంటే పోయాను. ఒకే టేబులు మీద రెండు కాగితాలు. పిల్లోడికిచ్చేదాంట్లో రంగు లైట్లు, స్టేజీ మీద సినిమా గాయకుడు, చేతులెత్తి ఎగిరే గుంపు. నాయనకిచ్చేదాంట్లో సీసీ కెమెరాలు, కాపలావాళ్లు, ఎత్తయిన గోడ. క్యాంపస్ మాత్రం ఒక్కటేనండీ. కొడుక్కి పబ్బు, తండ్రికి సబ్‌జైలు.

నన్ను మురిపించింది ఔట్‌పాస్ ఓటీపీ. ఆడపిల్ల హాస్టల్ గేటు దాటాలంటే ఊళ్లో నాయన ఫోనుకు ఓటీపీ వస్తుందట. తనకల్లు పక్కన శెనక్కాయ చేలో కలుపు తీయిస్తున్న ఆ మనిషి, సిగ్నల్ కోసం గట్టెక్కి, కళ్లద్దాలు వెతుక్కొని, ఆరంకెలూ చదివి వినిపిస్తే బెంగళూరులో కూతురు టూత్‌పేస్టు కొనుక్కోవచ్చు. ఒక్క అంకె తప్పు చదివాడా, మళ్లీ మొదటికి. కరెంటు పోయి టవర్ పడుకుంటే ఆ పూట ఉప్పుతో తోముకోవాల్సిందే.

మరి మగపిల్లలకో? అని అడిగాను. “బాయ్స్‌కు అవసరం లేదు సార్” అన్నాడు టై కట్టుకున్న అబ్బాయి, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు. అంటే ప్రమాదం ఎవరి వల్ల వస్తుందో వాళ్లు రోడ్డు మీద, ఎవరికి వస్తుందో వాళ్లు తాళం లోపల. దీన్ని భద్రత అంటున్నారు, దానికి హాస్టల్ ఫీజులో వాటా కూడా వేస్తున్నారు.

ఎనిమిదిన్నరకు గేటు మూసే ఈ యాజమాన్యమే ఫెస్టు వస్తే అర్ధరాత్రి దాకా డీజే పెట్టిస్తుంది. ఆ రాత్రి ఓటీపీ ఉండదు, నాయన గుర్తుకు రాడు. స్పాన్సర్ దొరికితే చీకటికి కూడా భయం పోతుంది కాబోలు.

గంజాయి సంగతా? గేటుకు ‘డ్రగ్స్ వద్దు బ్రో’ పోస్టరు అంటించారు, అయిపోయింది.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు. 2023 నవంబరు 25న కొచ్చిలోని కుసాట్ వర్సిటీ క్యాంపస్‌లో టెక్ ఫెస్టు పాటకచేరీ పెట్టారు. వాన మొదలవగానే బయటున్న జనం ఆడిటోరియం లోపలికి తోసుకున్నారు, మెట్ల మీద తొక్కిసలాటలో నలుగురు చచ్చిపోయారు. కేరళ మనకు దూరమంటారా? 2015 జులైలో మన నాగార్జున వర్సిటీ హాస్టల్లో ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి ప్రాణం తీసుకుంది. ర్యాగింగే కారణమని కేసు పెట్టారు. అది తొమ్మిదేళ్లు నడిచి, 2024లో గుంటూరు కోర్టులో కొట్టుడుపోయింది. ర్యాగింగ్ మీద మన రాష్ట్ర చట్టం 1997 నాటిది. విషయం తెలిసిన 24 గంటల్లో ఎఫ్ఐఆర్ పెట్టించాలని 2009లో యూజీసీ రాసింది. ఆ నిబంధనల్లోనే ర్యాగింగ్ చేయనని పిల్లోడూ, చేస్తే శిక్షకు ఒప్పుకుంటామని తల్లిదండ్రులూ అఫిడవిట్ ఇవ్వాలని ఉంది. మనం ఇస్తూనే ఉన్నాం. ఫిర్యాదు వస్తే తొక్కిపెట్టనని వైస్ చాన్సలర్ సంతకం చేసిన కాగితం ఏదీ? మేళాలో అడిగితే ప్లేస్‌మెంట్ బ్రోచర్ చేతిలో పెట్టారు. పరువు వాళ్లది, పిల్లలు మనవాళ్లు!

విత్తనం శెనక్కాయలు కొనేటప్పుడు మనం గుప్పెడు వొలిచి చూస్తాం, మొలక శాతం అడుగుతాం, కదిరి పరిశోధనా కేంద్రం రకమేనా అని నాలుగుసార్లు గుచ్చుతాం. లక్షలు కట్టే చోట మాత్రం ఏసీ ఉందా, మెస్‌లో చికెన్ ఎన్నిసార్లు అని విచారిస్తున్నాం.

అడగండప్పా. క్యాంపస్‌లో కౌన్సెలర్ గదికి తాళం ఎన్ని రోజులు ఉంటుందో అడగండి. పోయినేడు ర్యాగింగ్ ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, అందులో పోలీసు స్టేషన్ దాకా పోయినవి ఎన్ని? టై కట్టిన అబ్బాయి నవ్వుతూ ‘సున్నా సార్’ అంటాడు. ఇరవై వేలమంది వయసు పిల్లలు ఒక్కచోట ఉండి ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే, అక్కడ ఎవరినీ నోరు తెరవనివ్వడం లేదని అర్థం. ఆ కౌంటర్లో అడ్వాన్సు కట్టకుండా లేచి రండి.