కప్పుల రాయుడు

అమెరికా తూర్పు తీరంలో ఈ బాపతు మనిషి తరచూ తగులుతాడు. న్యూజెర్సీలోనో లాంగ్ ఐలాండ్‌లోనో వారమంతా బుద్ధిగా కుళాయిలు బిగించుకుంటాడు. ఇంట్లో బల్బు మార్చమంటే మోకాళ్ల నొప్పి. జులై వచ్చిందా, పూనకమే. సిలిండర్లు పడవకెక్కించి, నాన్‌టకెట్ దీవికి దక్షిణాన ఉన్న ‘ఆండ్రియా డోరియా’ మీదికి బయల్దేరతాడు.

ఆ ఇటలీ ఓడ 1956 జులై 25 రాత్రి పొగమంచులో స్టాక్‌హోమ్ అనే స్వీడన్ ఓడతో గుద్దుకుని, తెల్లారాక మునిగింది. పక్కకు ఒరిగి 240 అడుగుల లోతున పడుంది. డైవర్ల ఎవరెస్టు అంటారు. పగడాల మధ్య రంగు చేపలు చూసొచ్చేవాళ్లంటే మనవాడికి మహా లోకువ. తనకు చీకటి కావాలి, చలి కావాలి, ఓడకు చుట్టుకున్న చేపల వలలు కావాలి. అంత లోతున మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ తలకెక్కి మత్తెక్కుతుంది. అందుకని హీలియం కలిపిన గాలి కొంటాడు. దాని ఖరీదు భార్య చెవిన పడనివ్వడు.

ఇంతకీ దేనికట? ఫస్ట్‌క్లాసు భోజనశాలలోని పింగాణీ కప్పు కోసం!

అడుగున గడిపేది ఇరవై నిమిషాలు. పైకి రావడానికి గంట పైమాటే. తొందరపడి తేలితే, మూత తీసిన సోడాలాగా రక్తంలో బుడగలు పొంగుతాయి. కాబట్టి లంగరు తాడు పట్టుకుని, వణుకుతూ, సంచిలో కప్పుని తడుముకుంటూ వేలాడతాడు. తీరా చూస్తే దానికి పిడి లేదు.

అయినా అది షోకేసెక్కుతుంది. ఇంటికెళ్లిన మనకు టీ పేపరు కప్పులో వస్తుంది. ‘అందులో పొయ్యవచ్చుగా’ అంటే, ‘పగిలితేనో?’ అంటాడు. అట్లాంటిక్‌లో అన్నేళ్లు పగలనిది మన చేతిలో పగులుతుందట!

1981లో పీటర్ గింబెల్ అనే ఆయన ఇదే ఓడలోంచి ఇనప్పెట్టె తీయించాడు. 1984లో టీవీ కెమెరాల ముందు తెరిస్తే నగల్లేవు, నానిపోయిన నోట్లు తప్ప. ఆ మాటెత్తితే మనవాడు జాలిగా నవ్వుతాడు: ‘పాపం, వంటపాత్రల వైపు చూడాల్సింది.’

అక్కడ డజనుకు పైగా డైవర్లు ప్రాణాలు వదిలారు. వాళ్ల సంగతొస్తే మాత్రం కాసేపు మాట్లాడడు. ఆ తర్వాత వచ్చే జులైకి పడవలో చోటు ఖాయం చేసుకున్నానని చెబుతాడు. కప్పుకి సాసరు దొరకలేదట.