గుర్రాల లెక్క

గుజరాత్ కాంగ్రెస్‌కు పట్టిన జబ్బేమిటో ఎట్టకేలకు తేలిపోయింది. 2025 మార్చి 8, శనివారం నాడు, అహ్మదాబాద్‌లో కార్యకర్తల ముందు నిలబడి రాహుల్ గాంధీగారే సెలవిచ్చారు. గుర్రాలు రెండు రకాలట. ఒకటి పందెం గుర్రం, రెండోది పెళ్లి ఊరేగింపు గుర్రం. పార్టీ ఖర్మకొద్దీ పందెం గుర్రాన్ని పెళ్లికి తోలుతున్నారట, పెళ్లి గుర్రాన్ని పందేనికి దింపుతున్నారట. జనానికి దూరమైన నాయకుల్లో సగంమంది లోపాయికారీగా బీజేపీ మనుషులేనట. పదిమందో, ఇరవైమందో, అవసరమైతే నలభైమందినైనా సాగనంపేస్తారట.

ప్రాణం లేచొచ్చింది. 1995 నుంచి వరుసగా ఓడిపోతున్న పార్టీకి కావలసింది సిద్ధాంతం కాదు, సంస్థాగత నిర్మాణం కాదు, బూతులో కూర్చునే మనిషీ కాదు. ఒక మంచి పశువైద్యుడు. ఇన్నేళ్లూ ఎన్నికల వ్యూహకర్తలకు పోసిన డబ్బులో పదోవంతు పెడితే జిల్లాకొకడు దొరికేవాడు.

అదృష్టం బాగుండి ముహూర్తం కూడా దగ్గర్లోనే వచ్చింది. 2025 ఏప్రిల్ 8, 9 తేదీల్లో ఏఐసీసీ సమావేశాలు అహ్మదాబాద్‌లోనే జరిగాయి. 1961లో భావ్‌నగర్‌లో జరిగాక గుజరాత్ గడ్డ మీద మళ్లీ అప్పుడే. దేశమంతటి నుంచీ పెద్దలు ఎలాగూ దిగారు కాబట్టి తీర్మానాల కట్టలు పక్కన పడేసి లాయం తనిఖీ పెట్టుకోవాల్సింది. దానికో కమిటీ వెయ్యాలి. కమిటీలు వెయ్యడం ఆ పార్టీకి వెన్నతో పెట్టిన విద్య. అధ్యక్షుడిగా జన్మలో గుర్రమెక్కని పెద్దమనిషిని పెడితే మరీ మంచిది, పక్షపాతం ఉండదు.

పరీక్ష సులువే. గుర్రం ముందు బ్యాండు వాయించాలి. చిందేస్తే పెళ్లి గుర్రం. బెదిరి పరుగెత్తితే పందెం గుర్రం. ఏదీ చెయ్యకుండా నిలబడి ఢిల్లీ వైపు చూస్తుంటే వర్కింగ్ కమిటీలోకి తీసుకోవాలి. ఆ తర్వాత తొడ మీద ముద్ర. పందెం గుర్రానికి 'పం', పెళ్లి గుర్రానికి 'పె'. ముద్రలు పడిన మర్నాడే సిఫార్సు ఉత్తరాలు మొదలవుతాయి, అది వేరే విషయం. 'మావాడు పుట్టుకతోనే పందెం గుర్రమండీ, వాళ్ల నాన్న మూడుసార్లు ఎంపీ' అని.

పెళ్లి గుర్రాన్ని గుర్తుపట్టడం మాత్రం పామరుడికైనా చేతనవుతుంది. నుదుటి మీద పూసల జాలరు, మెడలో మువ్వలు, వీపు మీద జరీ గుడ్డ. అటూ ఇటూ నెత్తిన దీపాలు మోసే కూలీలు, వెనక తోపుడు బండి మీద జనరేటరు. బ్యాండు మోగితే నాలుగడుగులు వేస్తుంది, ఆగితే ఆగుతుంది. కెమెరా వాడు చెయ్యెత్తితే బొమ్మలా నిలబడుతుంది. దారి తెలియనక్కర్లేదు, ముందు నడిచేవాళ్లు చూసుకుంటారు. పైన కూర్చున్న పెళ్లికొడుకెవరో దానికి పట్టదు. ఇవాళ మన ఇంటి పెళ్లికి వచ్చిందే రేపు ఎదురింటి పెళ్లికీ అవే పూసలు కట్టుకుని వెళ్తుంది. టికెట్ల పంపిణీ సమయంలో పార్టీ ఆఫీసు వరండాలో నిలబడ్డవాళ్లకు ఇంతకు మించి ఆనవాళ్లు చెప్పనక్కర్లేదు.

చిక్కంతా పందెం గుర్రాల దగ్గరే వస్తుంది. పరుగే కొలమానమైతే గుజరాత్ కాంగ్రెస్‌లో పందెం గుర్రాలకు కొదవేమిటి? 2018 జులై 3న కున్వర్‌జీ బావలియా ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు, బీజేపీలో చేరారు, మంత్రిగా ప్రమాణం చేశారు. మూడూ ఒకే రోజు. ఆ వేగం ఏ డెర్బీలో చూశాం? అర్జున్ మోఢ్వాడియా పీసీసీ అధ్యక్షుడిగా, ప్రతిపక్ష నాయకుడిగా చేసిన మనిషి. 2024 మార్చిలో ఇవాళ రాజీనామా, రేపు కాషాయ కండువా, జూన్ కల్లా పోర్‌బందర్ నుంచి మళ్లీ ఎమ్మెల్యే. హార్దిక్ పటేల్‌ను ఏరికోరి వర్కింగ్ ప్రెసిడెంట్‌ను చేశారు. 2022 మేలో కట్టుతాడు తెంపుకుని, డిసెంబరులో విరంగామ్ గెలిచారు. వీళ్లకు పరుగు రాదని ఎవరైనా అంటే కళ్లు పోతాయి. పరుగు దివ్యంగా వచ్చు. దిక్కే మారింది. ఈ లెక్కన అశ్వ పరీక్షలో నెగ్గినవన్నీ ఇప్పటికే పక్క లాయంలో ఉన్నాయి, సొంత లాయంలో మిగిలినవి బేరం కుదరనివి.

పక్క లాయం నుంచి ఇటు వచ్చినవీ లేకపోలేదు. 1995లో సొంత ప్రభుత్వం మీద అలిగి బీజేపీ ఎమ్మెల్యేలను విమానమెక్కించి ఖజురహో తీసుకెళ్లిన శంకర్‌సింగ్ వాఘేలాను గుర్తుతెచ్చుకోండి. ఆయన్ను కాంగ్రెస్ కళ్లకద్దుకుంది. ముఖ్యమంత్రి అయ్యేందుకు మద్దతిచ్చింది, తర్వాత పీసీసీ అప్పజెప్పింది, ప్రతిపక్ష నాయకుణ్ణి చేసింది. 2017 ఎన్నికలు నాలుగైదు నెలల్లో ఉన్నాయనగా ఆయన నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆరెస్సెస్‌ను ఎదిరించాలంటే ఆరెస్సెస్‌లో పెరిగినవాడే కావాలనుకున్న తెలివికి ఏ ముద్ర వెయ్యాలో కమిటీయే చెప్పాలి.

మరి నలభై గుర్రాలను తరిమేస్తామన్న మాట? గుజరాత్ అసెంబ్లీలో 182 స్థానాలు. 2022లో కాంగ్రెస్ గెలిచినవి 17. అందులో నలుగురు రాజీనామా చేసి వెళ్లారు, ఒకరు లోక్‌సభకు వెళ్లారు. 2025 మార్చి నాటికి మిగిలింది 12. తరమడానికి మిగతా ఇరవై ఎనిమిదింటిని అద్దెకు తెచ్చుకోవాలేమో. 2025 ఫిబ్రవరి పురపాలక ఎన్నికలు చూడండి. అరవై చిల్లర పురపాలికల్లో కాంగ్రెస్‌కు దక్కింది ఒక్కటి. ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లో ఉండే సమాజ్‌వాదీ పార్టీకి పోర్‌బందర్ జిల్లాలో రెండు వచ్చాయి. వాళ్ల గుర్తు సైకిలు. దాణా ఖర్చు లేదు, గాలి కొడితే చాలు.

పందెంలో గుర్రం ఓడిపోవడం లోకంలో అందరూ చూసిందే. గీత దగ్గరికి వచ్చాక అది అసలు గుర్రమే కాదని తేలడం సూరత్‌లోనే చూశాం. 2024 ఏప్రిల్‌లో లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ వేశాడు. ప్రతిపాదకులు ముగ్గురూ బయటివాళ్లు కారు, బంధువులు, వ్యాపార భాగస్వామి. ఆ ముగ్గురూ 'సంతకాలు మావి కావు' అన్నారు. నామినేషన్ చెల్లలేదు. డమ్మీ అభ్యర్థిదీ అదే గతి. మిగిలిన పోటీదారులంతా ఉపసంహరించుకున్నారు. 22వ తేదీన బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎంపీ అయిపోయారు. పార్టీ తన అభ్యర్థిని ఆరేళ్లు సస్పెండ్ చేసి కోపం తీర్చుకుంది. తాము పందేనికి పంపినది కొయ్యగుర్రమని, టికెట్ ఇచ్చేటప్పుడు తోక పట్టుకుని చూసిన నాథుడే లేడు.

మన హైదరాబాద్ ముచ్చట కూడా చెప్పుకోకపోతే పాపం. తెలంగాణలో గెలిచి చూపించాం, గుజరాత్‌లో ఐదు శాతం ఓట్లు పెరిగితే చాలని రాహుల్‌గారు ధైర్యం చెప్పారు. నిజమే. 2018లో ఇక్కడ 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు గెలిస్తే మరుసటి ఏడాది 12 మందిని టీఆర్ఎస్ కట్టేసుకుంది. గుర్రాల దొంగలు, ప్రజాస్వామ్య హంతకులు అని కాంగ్రెస్ శాపనార్థాలు పెట్టింది. 2023లో 64 సీట్లతో గద్దెనెక్కింది. ఎక్కాక చేసిన మొదటి పనుల్లో ఒకటి, బీఆర్ఎస్ లాయం నుంచి పదింటిని విప్పుకు రావడం. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అహ్మదాబాద్‌లో ఫిరాయింపు జబ్బు, హైదరాబాద్‌లో అదే టానిక్కు. అద్దెకు తెచ్చిన గుర్రాలకు పచ్చగడ్డి వేసే పార్టీ, విశ్వాసం గురించి గుజరాత్ గుర్రాలకు క్లాసు పీకుతోంది!

అన్ని గుర్రాలకూ పళ్లు పట్టి చూశారు, డెక్కలు ఎత్తి చూశారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ల మీద నడుస్తుందని మన పల్లెల్లో పశువుల కాపరికి కూడా తెలుసు. ఆ రౌతెవరు?

2022 గుజరాత్ ఎన్నికల ప్రచారానికి రాహుల్ గాంధీ వచ్చింది ఒకే ఒక్క రోజు. నవంబరు 21. సూరత్ జిల్లా మహువాలో ఒక సభ, రాజ్‌కోట్‌లో ఒక సభ. అప్పుడు ఆయన దేశాన్ని కలుపుతూ పాదయాత్ర చేస్తున్నారు. కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా సాగిన ఆ నడక మహారాష్ట్ర మీదుగా మధ్యప్రదేశ్‌లోకి మళ్లింది. పక్కనే ఎన్నికలు జరుగుతున్న గుజరాత్‌లోకి తిరగలేదు. ఆ ఖాళీలోకి ఆమ్ ఆద్మీ పార్టీ వచ్చి సుమారు 13 శాతం ఓట్లు పట్టుకుపోయింది, బీజేపీ 156తో రాష్ట్ర చరిత్ర తిరగరాసింది. ఒక్క రోజు వచ్చిన మనిషి, ముప్ఫై ఏళ్లుగా దెబ్బలు తింటూ అక్కడే ఉన్నవాళ్లను నిలబెట్టి నువ్వు పెళ్లికా పందేనికా అని అడుగుతున్నాడు. సిగ్గుండాలి.

గుజరాత్ మితవాదుల కోట, అక్కడ ఎవరేం చేసినా ఇంతేనని ఢిల్లీలో తీరిగ్గా చెప్పుకుంటారు. ఇది పచ్చి అబద్ధం. 1985లో ఇదే గుజరాత్ కాంగ్రెస్‌కు 149 సీట్లిచ్చింది. అది పాతకాలం అంటారా? 2017కు రండి. పాటీదార్ల ఉద్యమం, ఊనాలో దళితులను కొట్టిన దారుణం మీద లేచిన కోపం, సౌరాష్ట్ర రైతు గోడు, అన్నీ ఒక్కచోటికి చేరాయి. ఇదే రాహుల్ నెలల తరబడి ఊరూరా తిరిగారు. కాంగ్రెస్‌కు 77 సీట్లు, 41 శాతం ఓట్లు. బీజేపీ 99 దగ్గర ఆగిపోయింది. మోదీ, అమిత్ షాల సొంత రాష్ట్రంలో! ఆ 77 మంది గెలిచాక పార్టీ ఏం చేసింది? సంబరం చేసుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. సహకార సంఘాలు, మార్కెట్ యార్డులు, పాల డెయిరీల్లో రోజూ తేలే రాజకీయాన్ని ప్రత్యర్థికి వదిలేసి, ఐదేళ్ల తర్వాత ఎన్నికల నోటిఫికేషన్‌తో పాటే తిరిగొచ్చింది.

అక్కడే ఉండి పోరాడితే ఏమవుతుందో బనాస్‌కాంఠా చూపించింది. గెనీబెన్ ఠాకోర్ 2017లో వావ్‌లో మంత్రి శంకర్ చౌధరిని ఓడించారు, 2022లో ఎదురుగాలిలోనూ నిలబెట్టుకున్నారు. 2024లో లోక్‌సభకు పోటీచేస్తే జనమే చందాలు వేసుకున్నారు. బనాస్ డెయిరీ వ్యవస్థాపకుడి మనవరాలి మీద 30 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. 2014లో, 2019లో 26కు 26 బీజేపీకి ఇచ్చిన రాష్ట్రంలో పదేళ్ల తర్వాత దక్కిన ఒకే ఒక్క సీటు అది. ఆమె ఖాళీ చేసిన వావ్ ఉప ఎన్నికలో కాంగ్రెస్ 2,442 ఓట్లతో ఓడింది. ఆమె లాంటి మనిషిని ఇంకొకర్ని తయారుచేసుకోవాలన్న ఆలోచన ఏడేళ్లలో ఎవరికీ రాలేదు.

నాకు ఒళ్లు మండేది నాయకుల గురించి కాదు, వాళ్లను నమ్మిన జనానికి జరిగిన దాని గురించి. మధ్యప్రదేశ్‌లోని ఇందోర్‌లో 2024 ఏప్రిల్ 29న కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ వెనక్కు తీసుకుని బీజేపీలో చేరిపోయాడు. తమ పార్టీ తమను నడివీధిలో వదిలేశాక కూడా జనం ఎండలో వరుసలో నిలబడి 2,18,674 మంది నోటా నొక్కారు. సూరత్ వాళ్లకు ఆ మీట కూడా మిగల్చలేదు. 2022లో ఆ ఘోరమైన ఓటమిలో కూడా గుజరాత్‌లో 86 లక్షలకు పైగా జనం చేతి గుర్తుకు ఓటేశారు. వాళ్లలో చాలామందికి ఓడిపోతామని తెలుసు. ఊళ్లో పంచాయతీ బీజేపీవాళ్లది, బ్యాంకు వాళ్లది, డెయిరీ వాళ్లదని తెలుసు. బూతు ఏజెంటుగా కూర్చుంటే మర్నాటి నుంచి పనులు ఆగుతాయనీ తెలుసు. అయినా కూర్చున్నారు. వాళ్లెవరికీ పదవులు లేవు, టికెట్లు రావు, రిసార్టులకు తీసుకెళ్లేవాళ్లు లేరు. వాళ్లు గుర్రాలు కారు. మీకన్నా ధైర్యమున్న మనుషులు.

రాహుల్‌గారూ, నలభై మందిని వెళ్లగొడతారో నాలుగొందల మందిని వెళ్లగొడతారో మీ ఇష్టం. గుజరాత్‌లో మళ్లీ ఎన్నికలు 2027 చివర్లో.  ఆలోగా మీరు గుజరాత్‌లో ఎన్ని రోజులు ఉంటారో ఆ 86 లక్షల మందికి ముందు చెప్పండి. ఒక్క రోజే అయితే, ఆ మాట కూడా ఇప్పుడే చెప్పేయండి. వాళ్ల దారి వాళ్లు చూసుకుంటారు.