సాన మనిషికి ఓటీపీ

మా సీతాఫల్‌మండి అపార్ట్‌మెంటులో గేటుకి యాప్ పెట్టిన దగ్గర్నుంచీ నా కత్తులు మొద్దుబారిపోతున్నాయి. యాప్ లెక్క ప్రకారం మనిషన్నవాడు నాలుగు రకాలు: డెలివరీ, క్యాబ్, గెస్ట్, పనిమనిషి. సైకిలుకి స్టాండు వేసి, పెడలు తొక్కుతూ సానరాయి తిప్పే మనిషి వీటిలో ఎందులోనూ ఇమడడు.

"గెస్ట్ అని కొట్టవయ్యా" అన్నాను వాచ్‌మన్‌తో.

"కత్తులోడు గెస్టెట్లయితడు సార్?"

"ఆయన దగ్గర కత్తులెక్కడివి? కత్తులు నావి."

"అట్లయితే మీ మీదనే రాయాల్సొస్తది సార్."

సరే, మనమే కిందికి పోదామని నాలుగు కత్తులూ న్యూస్‌పేపర్లో చుట్టి లిఫ్టెక్కాను. మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. పొట్లంలోంచి పొడుచుకొచ్చిన మొన చూసి ఆ ఇంటావిడ "మెట్ల మీద వస్తాలెండి" అన్నారు. నేను గేటు చేరేసరికి సాన సైకిలు వారాసిగూడ వైపు మలుపు తిరిగిపోయింది.

స్టీలు కత్తికి ఈ బాధ లేదు. మూకుడు కొంటే ఉచితంగా వస్తుంది, తెగడం మానేస్తే చెత్తబుట్టలోకి పోతుంది. నా కత్తులు అలాంటివి కావు. లారీ కమాను పట్టీ ముక్కని కొలిమిలో ఎర్రగా కాల్చి, కమ్మరి సుత్తితో సాగదీసినవి. పిడి మొదట ఇత్తడి పొన్ను, దాని పైన ఇప్పటికీ సుత్తి దెబ్బల సొట్టలు. సాన పడితే పండిన టమాటా కూడా నలగకుండా తెగుతుంది. అయితే నిమ్మకాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది, తడితో వదిలేస్తే తుప్పు పడుతుంది. అందుకే రాత్రిపూట కాస్త కొబ్బరినూనె రాస్తాను.

"కత్తి మనకి చాకిరీ చెయ్యాలి గానీ, దానికి మనం తలంటు పొయ్యడమేమిటండీ?" అంటుంది మా ఆవిడ. అంటూనే, పార్సిల్ డబ్బాల టేపు కొయ్యడానికి సరిగ్గా ఆ కత్తే తీసుకుంటుంది. జిగురు గీకలేక నా గోళ్లు అరుగుతున్నాయి. మా బావమరిది సొరుగు తెరిచి చూసి, "సుమోలు ఎప్పుడు కొంటున్నారు బావగారూ?" అని అడిగి వెళ్లాడు.

ఆదివారం సంపు క్లీనింగు మీద అసోసియేషన్ మీటింగు. సాన మనిషి సంగతి ఎత్తడానికి ఇదే అదనని నేను లేచి కోనసముద్రం దగ్గర మొదలుపెట్టాను. నిజామాబాద్ జిల్లాలో ఉందా ఊరు. మట్టి మూసలో ఇనుము పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లారనిస్తే ఉక్కు ముద్ద తయారయ్యేది. దానికోసం పర్షియా వర్తకులు పనిగట్టుకుని అంత దూరం వచ్చేవారని 1832లో అచ్చయిన వాయిసీ అనే ఆంగ్లేయుడి వ్యాసం చెబుతుంది.

"సంపులో బురద ఎన్ని అడుగులుందో అది చెప్పండి ముందు" అన్నారు ట్రెజరర్ గారు.

నేను ఆగలేదు. దక్కన్ ఉక్కుతో కొట్టిన కత్తులకి డమాస్కస్ పేరొచ్చింది. ఆ ఉక్కులో ఏముందో చూద్దామని 1819లో లండన్‌లో మైకేల్ ఫారడే పరీక్షలు చేశాడు. ఆయన కూడా కమ్మరి కొడుకే. 1831లో అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించే గుట్టు పట్టుకున్నదీ ఆయనే. ఇవాళ మన లిఫ్టు మోటారు తిరుగుతోందంటే ఆయన చలవే.

"లిఫ్టు అంటే గుర్తొచ్చింది, సర్వీసింగు బాకీ ఉంది" అన్నారు ట్రెజరర్ గారు. తలా అయిదొందలు పడింది. ఫారడేని ఎందుకు తెచ్చావని ఇప్పటికీ నన్ను గుర్రుగా చూస్తున్నారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసినవాళ్లకి తెలుసు. ఫలానా కత్తి ఏ పాదుషాదో చీటీ మీద ఉంటుంది. కొట్టినవాడి పేరు కోసం చాలా వాటి దగ్గర వెతుక్కోవాల్సిందే. మన వంటింటి కత్తులకైతే చీటీ కూడా లేదు. ఎంతకి బేరమాడామో గుర్తుంటుంది, కమ్మరి పేరు గుర్తుండదు. ఇన్నేళ్లుగా సాన మనిషిని కేకేసి పిలిచినవాళ్లమే అందరం. ఆయన పేరు ఇంతవరకూ అడిగింది ఆ దిక్కుమాలిన యాప్ ఒక్కటే.

సొరుగు నిండా కత్తులు పోగేసుకోవచ్చు. కొట్టేవాణ్ణీ, సాన పట్టేవాణ్ణీ పోగేసుకోలేం. రోజూ నాలుగు ఇళ్లలో పని దొరికితేనే వాళ్లు ఆ పనిలో ఉంటారు. లేకపోతే వాళ్ల పిల్లలు మన గేటు దగ్గరికి డెలివరీ సంచితో వస్తారు. ఆ పిల్లల్ని మాత్రం యాప్ క్షణంలో లోపలికి పంపిస్తుంది.