అటకెక్కిన పెట్టె

జెద్దా ఇళ్లకు అటకలుండవు. చదునైన డాబా, దానిమీద నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, అంతే. అయినా అటకెక్కించడమంటే ఏమిటో ఇక్కడి సీలింగ్ పనివాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. స్లాబుకీ జిప్సం బోర్డుకీ మధ్య జానెడు చీకటి ఉంటుంది. ఇంట్లో కరెంటు తీగలు కలుసుకునే జంక్షన్ బాక్సుల్ని అందులోకి ఎక్కించి, కింద బోర్డు బిగించి, అతుకులకు పుట్టీ పెట్టి, రెండు కోట్లు రంగు వేస్తారు. ఆ తర్వాత బాక్సు ఎక్కడుందో పైవాడికీ, పెట్టినవాడికీ తప్ప తెలియదు. పెట్టినవాడేమో ఎప్పుడో ఎగ్జిట్ కొట్టించుకుని ఊరెళ్లిపోయాడు.

మేముండేది అజీజియాలో అద్దె ఫ్లాటు. పోయిన రంజాన్‌లో ఒక రాత్రి హాల్లో లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. వచ్చిన ఎలక్ట్రీషియన్ మన నిజామాబాద్ తమ్ముడే. నిచ్చెనెక్కి, పుచ్చకాయ బేరమాడేవాడిలా సీలింగ్‌ని టకటకా కొట్టి చూశాడు. ‘‘బాక్స్ ఈడ్నే ఉండాలన్నా’’ అని కోశాడు. లేదు. ‘‘గీడనన్న ఉంటది’’ అని ఇంకోచోట కోశాడు. అక్కడా లేదు. మూడో కన్నంలో దొరికింది. ఇదే ఊళ్లో, పాతబస్తీ బలద్‌లో తవ్వితే దాదాపు 25 వేల పురాతన ముక్కలు దొరికాయని 2024 మొదట్లో ప్రకటించారు. వాళ్లు కనీసం ఎక్కడ తవ్వాలో చూసుకుని తవ్వారు.

మా తవ్వకంలో దొరికింది మూతలేని బాక్సు. మెలేసిన తీగల మీద టేపు ముదురు పాకంలా కరిగి నల్లబడింది. తమ్ముడు బాగుచేశాడు. చేసి, కోసిన ముక్కని మళ్లీ అతికించి పుట్టీ అందుకోబోయాడు.

‘‘మళ్లీ మూసేస్తావా?’’

‘‘ఏం గాదన్నా, టేపు గట్టిగ చుట్టిన. మాఫీ ముష్కిల్.’’

గల్ఫ్‌లో దిగిన తెలుగువాడికి తొలిరోజే ఒంటబట్టే అరబ్బీ ఇది. ‘సమస్య లేదు’ అని అర్థం చెబుతారు. సీలింగ్ పనిలో దాని అర్థం ‘సమస్య కనబడదు’ అని.

ఈ మాఫీ ముష్కిల్ మతానికి మూడు సూత్రాలు. ఒకటి: బిగించాక మళ్లీ తెరిచే పనేముంది? ఎర్రసముద్రపు గాలి ఇనుప గేటునే కొరికేస్తుంది, రాగి తీగని పలకరించకుండా పోతుందా? ఏసీ నడిచినప్పుడల్లా జాయింటు వేడెక్కి సాగుతుంది, ఆగితే చల్లారి ముడుచుకుంటుంది. నాలుగు ఎండాకాలాలు ఈ కసరత్తు చేశాక ఏ స్క్రూ అయినా వదులవుతుంది.

రెండు: బ్రేకర్ ఉంది కదా! పది ఆంపియర్లు లాగే ఏసీ లైన్లో వదులైన జాయింటు దగ్గర అర ఓం నిరోధం చేరిందనుకోండి. పదిని పదితో హెచ్చవేసి సగం చేస్తే 50 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండు ఆన్‌చేసి సీలింగ్‌లో మరిచిపోయినట్టు. ఇరవై ఆంపియర్ల బ్రేకర్‌కి మాత్రం తన గుండా పదే వెళుతోంది. దానికి గురకే తక్కువ.

పాత బిల్డింగుల్లో ఇంకో తమాషా. 2010లో మంత్రిమండలి 230/400 వోల్టులకు మారాలని నిర్ణయించేదాకా ఇక్కడి పద్ధతి 127/220. అందులో ఏసీకి వెళ్లే 220 వోల్టులు రెండు ఫేజుల మధ్యవి. న్యూట్రల్ అనే సాధుజీవి ఆ జంటలో ఉండదు, రెండు తీగలూ కాటేసేవే. అవి ఎక్కడున్నాయో తెలియకుండా సీలింగ్‌లోకి రంపం దించడమంటే పుట్టలో చెయ్యి పెట్టడమే.

మూడు: ట్రాప్ డోర్ పెడితే అందం పోతుంది. ఏసీ గ్రిల్లు అందమే, పన్నెండు స్పాట్‌లైట్లు అందమే, అడుగు చదరపు తలుపు ఒక్కటే దిష్టిబొమ్మ! మూడు కన్నాలు పూడ్చిన మచ్చలు మరి ఏ డిజైనో?

ప్రమాణాలు రాసినవాళ్లకు పాపం మాఫీ ముష్కిల్ మహిమ తెలియదు. జాయింట్లు తనిఖీకీ, పరీక్షకీ, మరమ్మతుకీ అందాలంటుంది అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364. భూమిలో పాతే కేబుల్ జాయింట్లు, రెసిన్ పోసి మూసినవి వంటి కొన్నిటికే మినహాయింపు. ఇంట్లో ఏ భాగాన్నీ ఊడదీయకుండా బాక్సులోని తీగల్ని చేరగలగాలంటుంది అమెరికా కోడ్‌లోని 314.29. సౌదీ బిల్డింగ్ కోడ్‌లో కరెంటుకు కేటాయించిన 401 కూడా ఐఈసీ బాటలో రాసుకున్నదే.

మా హాల్లో ఇప్పుడొక చిన్న తలుపుంది. వచ్చిన చుట్టాలంతా తలెత్తి ‘‘అదేంటి వదినా?’’ అని మా ఆవిడని అడుగుతారు. అడగనివ్వండి.

అద్దెకుండేవాళ్లం, ఇక్కడ మన చేతిలో ఉన్నది తక్కువే. కానీ ఈ రియాళ్లతోనే ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాం, దానికీ సీలింగ్ చేయిస్తున్నాం. బోర్డు బిగించకముందే ప్రతి బాక్సునీ ఫోన్‌లో ఫొటో తీయించి పెట్టుకోండి. ప్రతి బాక్సు కిందా తెరుచుకునే తలుపు కనబడేదాకా సీలింగ్ మేస్త్రీకి ఆఖరి వాయిదా ఇవ్వకండి.